చూపులేని ప్రేక్షకుడూ మన నృత్య చరిత్రా

మన అలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ రెండుగా విడదీశారు. తెలుగు ఎమ్మే చదివిన ప్రతివాళ్ళూ పరీక్షలో ఈ విభజన రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. రాసి మరిచిపోతాం. నాటకమూ నృత్యమూ దృశ్యం కోవలోకి వస్తాయని, అంటే అవి కళ్ళున్నవాళ్ళ సొత్తని, ఆ మాటను మరొకసారి విప్పి చూడకుండానే ఒప్పుకుంటాం. నా వాదన ఇది: నృత్యం కంటికి మాత్రమే అందే కళగా మిగలడం మన దగ్గర ఇటీవలి సంగతి. దానికి నృత్యం స్వభావంలో కారణం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో, కొన్ని సాంస్కృతిక అవసరాలకోసం, కొందరి చేతుల మీదుగా జరిగిన మార్పు అది. చరిత్రలో జరిగింది గనక దాని కారణాలు వెతకవచ్చు.

ముందు శాస్త్రాన్నే అడుగుదాం. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మ దగ్గరికి పోయి ఒక ఆటవస్తువు కావాలని కోరతారు. అది చూడటానికీ వినటానికీ కూడా పనికిరావాలన్నది వాళ్ళ షరతు. రెండూ కలిసిన షరతు అది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగుగా చెప్పినప్పుడు వాచికానికి ఇచ్చిన చోటు చిన్నదేమీ కాదు. నాట్యగృహం కొలతలు చెప్పే అధ్యాయంలో మరీ పెద్ద మండపం వద్దంటాడు భరతుడు. పెద్ద మండపంలో నటుడి మాట చెదిరిపోతుంది, ముఖంలోని భావం ఆనదు అని కారణాలు చెబుతాడు. అంటే ప్రేక్షకుడి చెవిని గురించి ఆయనకు బెంగ ఉంది. మన ఊళ్ళలో ఆడిటోరియాలు కట్టే కాంట్రాక్టర్లకు ఈ బెంగ ఉన్నట్టు కనపడదు.

ఎదుటి వాదం నాకు తెలియకపోలేదు. అదే నాట్యశాస్త్రం ముప్పై ఆరు రకాల చూపుల్ని లెక్కపెట్టింది. నందికేశ్వరుడి అభినయదర్పణం చెయ్యి పోయినచోటికి చూపు పోవాలని, చూపు వెంట మనసు పోవాలని విధించింది. కూచిపూడి నేర్చే పిల్లలకు గురువులు మొదటి పాఠాల్లోనే ఈ సూత్రం వల్లె వేయిస్తారు. దీన్ని పట్టుకుని, చూపు లేనివాళ్ళకు నృత్యంతో పనేమిటని తేల్చేసినవాళ్ళు ఉన్నారు. కాని శాస్త్రాలు రాసినవాళ్ళు ఊళ్ళో ఉన్న ఆటనంతా ఒక్క చూపుకిందికి కుదించలేదు. పదమూడో శతాబ్దంలో కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయపుడు నృత్తరత్నావళి రాశాడు. అందులో మార్గం ఎంతో దేశి అంత. అందులో చెప్పిన పేరణికి ఉన్న అంగాల్లో కాలిగజ్జెల్ని రకరకాలుగా పలికించే నేర్పు ఒకటి, దానికే ఘర్ఘరమని పేరు. పాట మరొకటి. గజ్జె అలంకారం కాదనీ, అది ఆటలో ఒక అంగమనీ ఏడువందల యేళ్ళకింద ఓరుగల్లులో తెలుసు. 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు చూసి, జాయపుడి గ్రంథం చదివి నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ నిలబెట్టినప్పుడు రాతిలోని భంగిమ మాత్రమే దొరికింది. ఆ మోత దొరకలేదు, ఆయన దాన్ని మద్దెల నుంచి, గ్రంథంలోని మాటల నుంచి మళ్ళీ ఊహించుకోవలసి వచ్చింది. శిల్పం కంటికి దాచిపెట్టినంత చెవికి దాచిపెట్టలేదు. నృత్య చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా శిల్పాలమీద ఆధారపడటంవల్ల కూడా నృత్యమంటే భంగిమ అనే భ్రమ బలపడిందని నా అనుమానం.

ఇక కూచిపూడి సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మార్పు జరిగింది ఇక్కడే. భాగవతులు ఊరూరా తిరిగి రాత్రంతా ఆడిన రోజుల్లో ఆట ఎట్లా మొదలయ్యేది? ఊడ్చేవాళ్ళు, నీళ్ళు చల్లేవాళ్ళు, ధూపం పట్టుకున్నవాళ్ళు వచ్చిపోయేవారు. తడిసిన మట్టివాసన, ధూపం వాసన జనంలోకి పోయేవి. ఇద్దరు తెర పట్టుకునేవారు. పాత్ర వచ్చేవేళ కాగడాలమీద గుగ్గిలం పొడి కొడితే భగ్గుమని మంట లేచేది. ఆ వెలుగు కంటికి, ఆ వేడి ముందువరసలో కూర్చున్నవాళ్ళ చెంపలకు, ఆ వాసన అందరికీ. పాత్ర తెర వెనక ఉండగానే ప్రవేశదరువు మొదలయ్యేది. వచ్చేది ఎవరు, ఎట్లాంటివారు, ఎట్లా నడుస్తున్నారు అని ఆ దరువు చెబుతుంది. భామాకలాపంలో సత్యభామ జడ తెరమీదుగా బయటికి వేసే ఘట్టాన్నే అందరూ చెబుతారు, ఎందుకంటే అది ఫోటోకు పనికొస్తుంది. కాని ఆ భామే తాను ఎవరో, ఎవరి భార్యో తన నోటితో పాడి చెబుతుంది. సూత్రధారుడు మాధవిగా మారి ఆమెను ప్రశ్నలు వేస్తాడు: ఎందుకమ్మా అట్లా నిలబడ్డావు, ఏమయింది, ఏమంటాడు నీ మగడు? ఆ ప్రశ్నలకు జవాబులుగానే ఆట సాగుతుంది.

ఇవాళ పాశ్చాత్య రంగస్థలంమీద చూపులేని ప్రేక్షకులకోసం చెవిలో పెట్టుకునే చిన్న యంత్రంద్వారా ఆటను వర్ణించి చెప్పే పద్ధతి ఉంది. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజి నాటకశాలలో మార్గరెట్ ఫాన్‌స్టీల్ దంపతులు దాన్ని క్రమబద్ధంగా మొదలుపెట్టారు. మంచి పని. కాని ఆ వర్ణించే మనిషిని మనవాళ్ళు ఆట లోపలే నిలబెట్టారు, చేతికి తాళాలిచ్చి. మన సూత్రధారుడు అంధులకోసం పుట్టాడని నేననడం లేదు. అంత అమాయకత్వం నాకు లేదు. కాగడా వెలుగులో, వేలమంది మధ్య, వెనక వరసల్లో ఉన్న మామూలు రైతుకు కూడా భామ కనుబొమ ఆనదు. ఆ చీకటిలో అందరూ కొంత చూపులేనివాళ్ళే. వాళ్ళందరికీ ఆట అందాలంటే మాట కావాలి, మోత కావాలి. ఆ భౌతిక పరిస్థితిలోంచి వచ్చిన రూపం అది. దానిలో పూర్తిగా చూపులేనివాడికి కూడా విడిగా అడుక్కోనక్కరలేని చోటు దొరికింది.

మరి ఆ మాట ఎక్కడికి పోయింది? వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1886-1956) నాటినుంచి కూచిపూడిలో ఒక్కరే ఆడే అంశాలకు ప్రాముఖ్యం పెరిగింది. ఆడవాళ్ళకు ఆ విద్య అందింది. ఇది నిస్సందేహంగా అభ్యుదయమే. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్యసదస్సు నాటికి కూచిపూడి తాను శాస్త్రీయమేనని నిరూపించుకోవలసిన స్థితిలో ఉంది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి లేచింది. విద్యుద్దీపాలు వచ్చాయి, మైకు వచ్చింది, పాటగాళ్ళు వేదిక పక్కకు జరిగారు, నర్తకి నోరు మూసుకుంది. ఢిల్లీలోనో పారిస్‌లోనో తెలుగు రాని ప్రేక్షకుడి ముందు సూత్రధారుడి సంభాషణ అడ్డంకి అయింది. జాతీయ సంస్కృతి అనే అంగడిలో అన్ని ప్రాంతాలవాళ్ళకూ చెల్లే నాణెం ఒక్కటే దొరికింది, అది దృశ్యం. వాచికం పలచబడి, అడుగులూ భంగిమలూ నగలూ మిగిలాయి. కళావంతుల విషయంలో ఇంకా క్రూరంగా జరిగింది. తానే పాడుతూ తానే అభినయిస్తూ, పదిమంది కూర్చున్న గదిలో పదం పట్టిన ఆ స్త్రీల కళను 1947 నాటి మద్రాసు చట్టం, దాని వెనకనున్న మధ్యతరగతి మర్యాద కలిసి మూలకు నెట్టాయి. ఆడే మనిషే పాడే మనిషి కావడం అక్కడితో దాదాపు ముగిసింది.

ఈ ఆలోచనలు నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. ఉస్మానియా కాంపస్‌లో, ఠాగూర్ ఆడిటోరియంలో పుట్టాయి. నాతోపాటు పరిశోధన చేస్తున్న మిత్రుడొకడు పుట్టుకతో చూపులేనివాడు. నేను అతనికి పుస్తకాలు చదివిపెట్టేవాణ్ణి, అతను నా వ్యాసాల్లో వాక్యాలు సరిచేసేవాడు. నష్టం ఎవరికీ లేదు. ఒక సాయంత్రం నృత్యప్రదర్శనకు ఇద్దరం పోయాం. మొదటి అంశం మొదలయింది.

"అన్నా, ఇప్పుడేమైతున్నది?"

"చెయ్యి ఎత్తింది."

"ఎందుకెత్తింది?"

ఏం చెప్పాలి? పిలుస్తున్నదా, వద్దంటున్నదా, కొమ్మ వంచుతున్నదా? అడ్డంగా ఎత్తిందా, నిలువుగానా, మెల్లగానా? పతాకమని ముద్ర పేరు చెబితే అతనికేం తెలుస్తుంది, నాకే సరిగా తెలియదు. నేను తడుముకుంటుండగానే మూడు చరణాలు గడిచిపోయాయి. కొంతసేపటికి అతనే నా చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. "ఎడమకాలు కొంచెం బరువుగ పడుతున్నది, అలసింది. ఇప్పుడు మనకు వీపు తిప్పింది గదా? గజ్జెల మోత మారింది. మద్దెలాయన ఆమె కాళ్ళు చూస్త లేడు, తనపాటికి తాను కొడుతున్నడు." చూశాను. నిజంగానే ఆమె వెనక్కి తిరిగి ఉంది. మృదంగం ఆమెకు సగం అక్షరం ముందు పోతోంది. నేను సభలో కూర్చుని చూడని నృత్యాన్ని అతను విన్నాడు.

అద్భుతశక్తి అని దీన్ని ఎవరూ మెచ్చుకోవద్దు. చూపులేనివాళ్ళకు ఆరో ఇంద్రియం ఉంటుందనే కథ వాళ్ళకు చదువూ ఉద్యోగమూ ఇవ్వకుండా తప్పించుకోవడానికి పనికొస్తుంది. అతనిది అభ్యాసం, అంతే. తార్నాక చౌరస్తానుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా అతను రోజూ నడుస్తాడు. 2017లో వచ్చిన మెట్రో స్టేషన్ లోపల కాలికి తగిలే గీతల పలకలు ఉన్నాయి. బయటికొచ్చాక అవి ఉండవు. అక్కడినుంచి ఎగుడుదిగుడు కాలిబాట, అడ్డంగా పెట్టిన స్కూటర్లు, తవ్వి వదిలేసిన గుంట. బస్సు బ్రేకు చప్పుడు, హోటల్లోంచి వచ్చే చాయ్ వాసన, చెట్లకిందికి రాగానే చల్లబడే గాలి, ఇవే అతనికి మైలురాళ్ళు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు చేతికర్రకు ఒక్కొక్కటీ లెక్కకు వస్తాయి. 1939లో తెరిచిన ఆ గులాబిరంగు రాతికట్టడాన్ని చూసి మురిసిపోని కవి లేడు. దాని మెట్ల లెక్క మాత్రం అతనికే తెలుసు. దేహం ఎక్కడుందో దేహానికే తెలిపే లోపలి ఎరుకను గురించి శరీరశాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లో రాశాడు. కండరాలు, కీళ్ళు, లోపలి చెవి కలిసి ఆ సమాచారం ఇస్తాయి. నర్తకి కళ్ళు ప్రేక్షకులమీద ఉంచి పాదాన్ని సరిగ్గా పళ్ళెం అంచుమీద నిలబెట్టేది దీనితోనే. కూచిపూడిలో సింహనందిని అని ఒక అంశం ఉంది, సి.ఆర్. ఆచార్యులు దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. తాళం తప్పకుండా అడుగులు వేస్తూ రంగుపొడిలో పాదాలతో సింహం బొమ్మ గీయాలి. అక్కడ గీసేది పాదం, చెయ్యీ కన్నూ కాదు. తార్నాక రోడ్డుమీద నా మిత్రుడి పాదం చేసేదీ అటువంటి పనే, చప్పట్లు లేకుండా.

అతను చదివిన అంధుల బడిలో సంగీతం నేర్పారు, కుర్చీలు అల్లడం నేర్పారు. నృత్యం మాట ఎవరికీ తోచలేదు. మరో చరిత్ర అతనికి తెలియదు, నేనూ తర్వాతే చదివాను. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పుట్టడానికి ఒక అంధబాలుడు కారణమని చెబుతారు. సంస్థాన ఉద్యోగి చాగంటి జోగారావుకు చూపులేని కొడుకుండేవాడు, ఆ పిల్లవాడికి సంగీతమంటే ఇష్టం. వాడికి నేర్పడానికి ఏర్పాటు చేయమంటే విజయరామ గజపతిరాజు ఊరందరికీ పనికొచ్చే పాఠశాలే పెట్టాడట. దానికి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ ఆచార్యుడు ద్వారం వెంకటస్వామినాయుడు, ఆయన 1936లో ప్రిన్సిపాల్ అయ్యాడు. చూపు మందం కావడంచేత చిన్నప్పుడే బడిచదువు మానుకోవలసి వచ్చినవాడు ఆయన. జమీందారు దయను గురించి కథలు మనకు చాలినన్ని ఉన్నాయి, దాన్ని పక్కన పెట్టండి. నాకు ముఖ్యం అనిపించేది వేరు. ఆ బాలుడి బడికి పెద్దగా వచ్చిన నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, పాడుతూ ఆడుతూ, తాను ఆడేదేమిటో తానే చెప్పే హరికథకుడు. కంటికీ చెవికీ మధ్య గోడ కట్టని కళ అది. ఆ సంస్థ పేరులో ఇప్పుడు నృత్యం కూడా ఉంది. చూపులేని పిల్లవాడికోసం పుట్టిన చోట చూపులేనివాళ్ళకు నృత్యం ఎట్లా నేర్పాలన్న ప్రశ్న పాఠ్యప్రణాళికలో ఉండాలని కోరడం అత్యాశ కాదు.

హరికథనుంచి బుర్రకథకు దూరం కొద్దిగానే. 1943 తర్వాత ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది, నాజర్ దానికి ప్రాణం పోశాడు. కథకుడు చిందులేస్తాడు. పక్కనున్న ఇద్దరిలో ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. వాళ్ళు "ఏమిటి, ఎందుకు" అని అడుగుతారు, కథకుడు చెబుతాడు. ప్రజలకు అందాలనే రాజకీయ అవసరం ఉన్నచోట వాచికం మళ్ళీ బలపడటం గమనించండి. వేదికకూ జనానికీ తేడా లేని ఆటల్లోనైతే ఈ సమస్యే వేరుగా ఉంటుంది. అరకు కొండల్లో ధింసా ఆడే స్త్రీలు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని కదులుతారు. అడుగు మారిందని పక్క మనిషి నడుము చెబుతుంది. కాంపస్ హాస్టళ్ళముందు ఆడపిల్లలు బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్ల చప్పుడే వలయం గీస్తుంది. అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ 1972లో ఇద్దరి బరువు ఒకరిమీద ఒకరు మోపుకుని, స్పర్శనుంచే కదలికను పుట్టించే ఒక నృత్యపద్ధతి మొదలుపెట్టాడు. ఆధునిక నృత్యంలో దాన్ని పెద్ద మలుపంటారు. కావచ్చు. ధింసా ఆడేవాళ్ళకు అది అంత కొత్తగా ఉండకపోవచ్చు.

నర్తకులలో చూపులేనివాళ్ళ సంగతి చెప్పాలంటే అలీషియా అలోన్సోను (1920-2019) తలచుకోవాలి. క్యూబా బాలే నర్తకి. ఇరవై యేళ్ళ ప్రాయంలో కంటి రెటీనా ఊడింది. శస్త్రచికిత్సల తర్వాత నెలలతరబడి కదలకుండా మంచంమీద ఉండవలసి వచ్చినప్పుడు 'జిజెల్' నృత్యంలోని అడుగుల్ని దుప్పటిమీద వేళ్ళతో సాధన చేసింది. 1943 నవంబరులో న్యూయార్క్‌లో అదే పాత్ర ఆడింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు వేదికమీది రంగుదీపాల గుర్తులతో, తోటి నర్తకుడు సరైన చోట ఉంటాడన్న నమ్మకంతో ఆడింది. 1959 విప్లవం తర్వాత ప్రజాప్రభుత్వం డబ్బిచ్చి ఆమె బృందాన్ని జాతీయసంస్థగా నిలబెట్టింది. ఇంత గొప్ప కథలోనూ ఒక ముల్లు ఉంది. చూపున్నదానిలాగే కనపడటం ఆమె విజయంగా లోకం రాసుకుంది. 1995లో బ్రెజిల్‌లోని సావొపాలోలో ఫెర్నాండా బియాంకీని మొదలుపెట్టిన అంధుల బాలే పాఠశాలలో శిక్షణ వేరు: గురువు దేహాన్ని తడిమి శిష్యురాలు భంగిమ నేర్చుకుంటుంది. మన గురుకులంలో శిష్యుడి చెయ్యి ఒడిసిపట్టి వంపు దిద్దే పద్ధతికి ఇది దగ్గరే. గురువు దేహాన్ని శిష్యుడు తాకడమే మన కులమర్యాదల్లో, ఆడామగా కట్టుబాట్లలో కుదరని పని. అడ్డంకి కంట్లో ఉందా, సంఘంలో ఉందా?

మనం, అంటే అభ్యుదయ రచయితలం, ఇందులో నిర్దోషులం కాము. మన పత్రికలు తిరగేయండి. అజ్ఞానం అంటే చీకటి, విప్లవం అంటే వెలుగు, నమ్మకం తప్పైతే గుడ్డినమ్మకం, విమర్శకుడు పొరబడితే అంధుడు. ఈ అలంకారాలు మా మిత్రుడికి చదివిపెట్టేటప్పుడు నా గొంతు తడబడుతుంది. అతను మాత్రం నవ్వుతాడు. "మీ విప్లవంల నాకేం పని ఉంటదన్నా, తెల్లారితే చాలు గదా మీకు" అంటాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై తొమ్మిదో సెక్షన్‌లో కళను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని, నృత్యంలో పాల్గొనే వీలు కల్పించాలని, కళలకు సంబంధించిన పాఠ్యాంశాల్ని అందుకు తగ్గట్టు మళ్ళీ రూపొందించాలని ఉంది. 2024లో సినిమాహాళ్ళకోసం కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించింది. నృత్యవేదికకు అటువంటిది రావాలంటే వర్ణన రాసేవాళ్ళు కావాలి, ఆ పని సాహిత్యవిద్యార్థులది. నాట్యశాఖల్లో భంగిమ తెలిసినవాళ్ళున్నారు, అంధుల సంఘాల్లో అవసరం తెలిసినవాళ్ళున్నారు, వాక్యం తెలిసినవాళ్ళు మన తరగతుల్లో ఉన్నారు. ఈ ముగ్గురూ ఒక గదిలో కూర్చోలేదు.

మొన్న మా ఎమ్మే తరగతిలో ఈ పరీక్ష పెట్టాను. భామ ప్రవేశాన్ని వీడియోలో చూపించి, దరువు సాగినంతసేపట్లో చదవగలిగినంత వర్ణన రాయమన్నాను. దిద్దడానికి మిత్రుణ్ణి పిలిచాను. ఒక్కొక్కరూ చదువుతుంటే అతను "అందంగా", "అద్భుతంగా", "హొయలొలికిస్తూ" వచ్చినప్పుడల్లా బల్లమీద వేలితో కొట్టి ఆపించాడు. ఆ మాటలు తీసేశాక చాలామంది కాగితాలమీద ఏమీ మిగలలేదు. ఒకమ్మాయి మాత్రం ఇట్లా రాసింది: కుడిమడమ నేలకు కొట్టింది, జడను ముందుకు తెచ్చి రెండుచేతులా పట్టుకుంది, కొరడా పట్టుకున్నట్టు. మిత్రుడు చెయ్యెత్తి మరొకసారి చదవమన్నాడు. తర్వాత ఆ జడ ఎంత పొడుగు, ఎంత బరువు అని అడిగాడు. తరగతిలో ఎవరికీ తెలియదు. వచ్చే వారం నాట్యశాఖనుంచి ఒక జడ అడిగి తెస్తామని ఇద్దరు విద్యార్థులు ఒప్పుకున్నారు.